మిద్దె మీది ఫోల్డరు

రాత్రి అన్నాలప్పుడు పెన్‌డ్రైవు పప్పుగిన్నెలో పడింది.
అంతవరకూ మా ఇంటి తపాలా అదే.
కింద నేను గీసిన మెడ డిజైను
బుడ్డదాని జేబులో మెట్లెక్కి పోయేది,
పైన కుళ్ళాయమ్మ మిషన్‌లో దారమయ్యేది.
మాటలు మాత్రం మోయలేదు బుడ్డది.
మోయడానికి మా తోటికోడళ్ళ మధ్య మాటల్లేవు,
ఉగాది నుంచి.
జరీ రీళ్ళ లెక్క అడిగినా ఆ పొద్దు. అంతే.

ఎమ్మిగనూరు పెళ్ళివాళ్ళవి నలభై రెండు జాకెట్లు.
తెల్లారితే మనిషొస్తాడు.
ఆదోనిలో ఈ యాళప్పుడు పెన్‌డ్రైవు ఎవురమ్ముతారు?
పత్తి లారీలు తప్ప రోడ్డు మీద కదిలేది లేదు.
సరే, పోయినేడు మౌలాలి
రెండు కంప్యూటర్లకూ దోవ వేసే పోయినాడు గదా అని
మిద్దె మీది దాని బొమ్మ మీద నొక్కినా.

పేరేంది అనింది.
పాస్‌వర్డేంది అనింది.

నా పేరు కొట్టినా. కాదనింది.
ఇంటిపేరుతో సహా కొట్టినా. కాదనింది.
పదైదేండ్లుగా ఈ ఇంటి పెద్దకోడల్ని,
గడప కాడ ఆపి ఎవురు నువ్వని అడిగినోళ్ళు లేరు.
బుడ్డది నవ్వింది.
"నీ పేరు కాదు పెద్దమ్మా,
పైనదానికి ఏ పేరు తెలుసో అది చెప్పాల."
పరిగెత్తి పోయి చూసొచ్చింది.
పైన దానికి అసలు పాస్‌వర్డే లేదంట,
కొట్టి కొట్టి విసుగొచ్చి వాళ్ళమ్మ తీసేసిందంట.

తాళం లేదు గదా, దూరిపోవచ్చు అనుకున్నా.
కాదంట.
ఎదురుగా కుర్చీలో కూర్చున్నోళ్ళకైతే సరేనంట,
తాళం లేని ఇంట్లోకి
దూరం నుంచి వచ్చినోళ్ళను రానీదంట.
ఇదేం మర్యాదో.

మౌలాలి పత్తికొండలో ఉన్నాడు, సగం నిద్రలో.
"అక్కా, వైఫై కాడ ఏముంది, పబ్లిక్కా, ప్రైవేటా?"
పబ్లిక్.
"అదీ సంగతి. మీ ఇంటిని బస్టాండనుకుంటాంది.
బస్టాండులో ఎవురైనా సంచి విప్పుతారా?"

ఆర్నెల్లుగా మరి
ఒకే కప్పు కింద, తలా ఒక బెంచీ మీద,
సంచి ఒళ్ళో అదిమిపెట్టుకోని
ఏ బస్సు కోసం కూర్చున్నామో.

ఇల్లని చెప్పినా దానికి. ఒక్క నొక్కు.

అయినా అడిగింది.
"పాతది యాడో దాచిపెట్టుకోనుంటాది, తీసెయ్ అక్కా"
అని ఆవులించి పెట్టేసినాడు.
వెతికినా. కంట్రోల్ ప్యానెల్ అడుగున,
ఊరగాయ జాడీల ఎనక పడిపోయిన స్పూను మాదిరి
దొరికింది పోయినేటి పాస్‌వర్డు, చుక్కలు చుక్కలుగా.
నేను కొత్తగా ఏం కొట్టబోయినా
ముందు దాన్నే ఎత్తుకోని పైకి పోతాందంట ఇది,
జరీ రీళ్ళ మాటను నేను మోసినట్టే.
తీసేసినా.

ఇంక పైన కొత్తది పెట్టాల. అది నాకు తెలియాల.
బుడ్డది చాప మీద నిద్రపోయింది,
వేళ్ళకింకా పప్పు వాసన.

మెట్ల కాడికి పోయినా.
"కుళ్ళాయమ్మా!"
మిషన్ చప్పుడు ఇంకో నాలుగు కుట్లు నడిచి, ఆగింది.
"ఏమక్కా."
"పాస్‌వర్డు పెట్టు ఒకటి."
"ఏం పెట్టాల?"
"నీ ఇష్టం."

చానాసేపటికి ఒక్కో అక్షరం, ఒక్కో అంకె
మెట్ల మీది నుంచి అరిచి చెప్పింది.
ఎదురింటి టైలరు దస్తగిరికి కూడా తెలిసిపోయుంటాది.
తెలిస్తే తెలిసింది.

కొట్టినా. దాని కిందనే గింజంత గడి,
గుర్తుపెట్టుకోవాలా అని.
మౌసు మీద చెయ్యి పెట్టి అట్లే చూసినా.
టిక్కు పెడితే ఇంకెప్పుడూ అడగదు.

పెట్టలేదు.
నలభై రెండూ మిద్దె ఎక్కినాయి, పైన మిషన్ మళ్ళా మొదలైంది.
రేపు మళ్ళా అడుగుతాది.
అడగనీ.